అడవి అంటుకోకముందు చేయాల్సిన పని

కార్చిచ్చుల ప్రస్తావన వస్తే ఇప్పుడు అందరి దృష్టీ ఉపగ్రహాల మీదికే పోతోంది. అవి చేస్తున్న మేలు చిన్నదేమీ కాదు. ఉపగ్రహాల్లో అమర్చిన మోడిస్ పరికరం ఒక కిలోమీటరు చదరాలుగా, తర్వాత వచ్చిన విర్స్ పరికరం 375 మీటర్ల చదరాలుగా నేలను గమనిస్తూ, మంట నుంచి వెలువడే పరారుణ కాంతిని పట్టుకుంటాయి. ఆ కాంతి ఎంత బలంగా ఉంటుందంటే, చదరంలో ఒక మూల మాత్రమే కాలుతున్నా దొరికిపోతుంది. అయితే పటం మీద కనిపించే చుక్క ఆ చదరానికి మధ్యబిందువే తప్ప మంట ఉన్న కచ్చితమైన చోటు కాదు. పైగా ఈ ఉపగ్రహాలు ఒక ప్రాంతం మీదుగా రోజుకు కొద్దిసార్లే వెళ్తాయి. మబ్బు కమ్మినా, దట్టమైన చెట్ల కింద ఆకుచెత్త నెమ్మదిగా కాలుతున్నా వాటికి కనిపించకపోవచ్చు.

అందుకే నా ఓటు ఫైర్ లైన్లకు. ఆకూ గడ్డీ పుల్లా లేకుండా, మట్టి కనిపించేదాకా శుభ్రం చేసిన పట్టీయే ఫైర్ లైను. ఇందులో కీలకమంతా అదనులోనే ఉంది. ఆకు రాలడం మొదలవగానే ఒకసారి ఊడ్చి పని అయిపోయిందనుకుంటే, కొద్ది వారాల్లోనే ఆ పట్టీ మళ్లీ ఎండుటాకులతో నిండిపోయి, రికార్డుల్లో మాత్రమే మిగులుతుంది. చోటు ఎంపిక కూడా అంతే ముఖ్యం. వాలు ఎక్కే మంట పైనున్న గడ్డిని ముందే వేడెక్కించి ఎండబెడుతుంది. వాలు 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా మంట వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది సిబ్బంది వాడే ఉజ్జాయింపు లెక్క. కొండ కొమ్ము దాటి దిగేటప్పుడు అదే మంట మందగిస్తుంది కనుక, వాలు మధ్యలో తీసిన లైను కన్నా కొమ్ము మీద తీసినది నిలబడే అవకాశం ఎక్కువ.

ప్రతి మంటనూ ఆర్పేయడమే నివారణ అని కూడా అనుకోలేం. కనిపించిన ప్రతి మంటనూ మర్నాడు ఉదయం పదింటిలోగా అదుపు చేయాలని అమెరికా అటవీ శాఖ 1935లో నియమం పెట్టుకుంది. చిన్న మంటలు పడాల్సిన అడవుల్లో కాలకుండా పేరుకున్న చెత్త తర్వాతి మంటలకు బలమైంది. 1970ల్లో ఆ నియమాన్ని వదులుకున్నారు.

అందరూ తొందరపడేది మంట ఆరాక చేయాల్సిన పనిలోనే. మొద్దుల్లోనూ వేళ్లలోనూ నిప్పు రోజుల తరబడి రాజుకుంటూ ఉండి, గాలి లేవగానే బయటపడుతుంది. అనుభవమున్నవారు చేతి వెనుక భాగాన్ని బూడిదకు దగ్గరగా పెట్టి వేడి చూస్తారు. సెగ తగిలితే తవ్వి, నీళ్లుంటే నీళ్లు పోసి, లేకుంటే మట్టి కలిపి, మళ్లీ చెయ్యి పెట్టి చూస్తారు.