పశువులను అమ్మి పెట్టిన డిటెక్టివ్ ఏజెన్సీ

అబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో దొరికిన 'ది నంబర్ వన్ లేడీస్ డిటెక్టివ్ ఏజెన్సీ' నవలను మెట్రోలో ఆఫీసుకు వెళ్ళి వస్తూ ఎంతో ఇష్టంగా చదివాను. అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ రాసిన ఈ నవల 1998లో వెలువడింది.

తండ్రి వదిలి వెళ్ళిన పశువులను అమ్మి, ఆ సొమ్ముతో బోట్స్వానా రాజధాని గబోరోన్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ తెరిచిన ప్రెషస్ రమోత్స్వే ఇందులో కథానాయిక. ఒక చిన్న తెల్ల వ్యాను, రెండు బల్లలు, రెండు కుర్చీలు, ఒక టెలిఫోను, పాత టైపు మిషను, ఒక టీ కూజా, మూడు కప్పులు: ఏజెన్సీ ఆస్తి ఇంతే. ఆ మూడో కప్పు వచ్చిన కక్షిదారు కోసమని చదివినప్పుడే ఆమె మీద నాకు గౌరవం కలిగింది.

తండ్రినని చెప్పుకొంటూ ఒక యువతి ఇంట్లో తిష్ఠవేసిన మనిషి నిజంగా తండ్రేనా అని తేల్చడానికి రమోత్స్వే నర్సు వేషంలో వెళ్ళి, కూతురికి ప్రమాదం జరిగిందని, రక్తం ఇస్తే అతని ప్రాణానికే ముప్పు రావచ్చని చెబుతుంది. వేలిముద్రలు, తుపాకులు లేకుండా, మనిషి స్వభావం తెలిసినందువల్లనే ముడి విప్పే ఈ పద్ధతి నాకు అన్నిటికన్నా నచ్చింది. తప్పిపోయిన బాలుడి ఉదంతం మాత్రం మనసును కలచివేస్తుంది. అయినా రచయిత దానిని దాటవేయకపోవడం వల్లనే మిగతా కథల్లోని హాస్యానికి బరువు వచ్చిందని నేను గట్టిగా నమ్ముతున్నాను.