మూడో సిలిండర్ వేడి

శనివారం, డాలస్

ఈ రోజంతా హ్యాంగర్‌లో ఒక్క సిలిండర్‌తోనే సరిపోయింది. బావగారూ నేనూ కలిసి కట్టుకున్న ఆర్‌వీ-7 విమానంలో ఉన్నది గాలితో చల్లబడే లైకమింగ్ ఓ-360 ఇంజిన్. నిన్న సాయంత్రం పైకెక్కుతున్నప్పుడు మిగిలిన మూడు సిలిండర్ల తలలు 390 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నిలబడగా, మూడోది మాత్రం 430 దాటింది. తయారీదారు విధించిన గరిష్ఠ పరిమితి 500 అయినప్పటికీ, వేడెక్కే కొద్దీ అల్యూమినియం బలం తగ్గుతుంది కనుక 400 దాటితేనే నాకు మనసొప్పదు.

ముక్కు దగ్గర గాలి ప్రవేశించే రంధ్రాలను ఆకురాయితో కొంచెం పెద్దవి చేద్దామని బావగారు అన్నారు. ఎవరికైనా మొదట తట్టే ఆలోచన అదే. "లోపలికి వచ్చిన గాలి ఎటు పోతోందో ముందు చూద్దామండీ" అని నేను పట్టుబట్టాను. ఇంజిన్ పైభాగంలో పీడనం ఎక్కువగానూ కింద తక్కువగానూ ఉంటేనే గాలి సిలిండర్ల చుట్టూ ఉండే పలుచని లోహపు రెక్కల (ఫిన్ల) సందుల్లోంచి దిగుతుంది. గట్టుకు గండి పడితే నీరు మడికి చేరనట్టే, గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే బాఫిల్ రేకుల అంచుల్లో సందులుంటే వచ్చిన గాలి వేడిని మోయకుండానే జారిపోతుంది.

కింద దీపం పెట్టి, హ్యాంగర్ తలుపులు మూసి పైనుంచి చూస్తే, వెనుక మూలన వెలుతురు సన్నని గీతలా కనిపించింది. దానిని వేడిని తట్టుకునే ఎర్ర సిలికాన్‌తో పూడ్చాము. కుడివైపు రబ్బరు పట్టీ ఒకచోట బయటికి మడత పడింది; అది లోపలికి వంగి ఉంటేనే గాలి ఒత్తిడి దానిని ఇంజిన్ మీది మూత అయిన కౌలింగ్‌కు అదిమిపెడుతుంది.

అసలు చిక్కు మరొకటి. ఈ ఇంజిన్లలో మూడో సిలిండర్ తల వెనుక వైపునా, రెండో దాని ముందు వైపునా ఫిన్ల లోతు చాలా తక్కువ; రేకు వాటిని ఆనుకుని ఉంటే గాలికి దారే దొరకదు. అందుచేత మూడో తలకూ రేకుకూ మధ్య ఒక వాషర్ వేసి, కాస్త ఎడం కల్పించాము. పొద్దుటి నుంచి సందులు పూడ్చి, చివరకు మేమే ఒక సందు చేయడం బావగారికి భలే నవ్వు తెప్పించింది.

సాయంత్రం దాదాపు నిన్నటి ఎండలోనే ఎగిరి చూస్తే మూడోది 405 వద్ద ఆగింది. ఆయిల్ ఉష్ణోగ్రత మాత్రం 215కు చేరింది. పరిమితి 245 కనుక భయం లేదు గానీ, ఎడమవైపు వెనుక బాఫిల్‌కు ఆయిల్ కూలర్ అతికే చోట అంచులను రేపు చూడాలి.