కొమ్మ తూకం ఆగాలి

ఆదివారం.

ఇవాళంతా కొమ్మ పనే. నేను పెంచుకునే పాము, కార్న్ స్నేక్, పెట్టెలో ఉన్న పాత కొమ్మ బెరడు అరిగి నున్నగా తేలింది. కుబుసం విడిచే ముందు పాము మూతి రాసుకోవడానికి గరుకు కావాలి. అందుకే కొత్తగా జామ కొమ్మ. యాపిల్, ఓక్ కూడా బాగానే ఉంటాయి. పైన్, దేవదారు లాంటి ఘాటు వాసన చెట్లు వద్దే వద్దు. పెట్టెను వెచ్చబెట్టే దీపం వేడికి వాటి నూనెలు ఆవిరై, మూసిన పెట్టెలో పాము పీల్చే గాలిలోనే తిరుగుతాయి. గన్నేరు సంగతి చెప్పనే అక్కర్లేదు, చెట్టంతా విషం. ఏ చెట్టయినా పురుగుమందు కొట్టనిదై ఉండాలి.

పచ్చి కొమ్మను నేరుగా ఓవెన్‌లో పెడితే పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లలోనే పొలుసులు ఇరుక్కుంటాయి, పురుగులు దాక్కుంటాయి. అందుకే ఇది ముందు కొన్ని వారాలు నీడలో ఆరింది. పొద్దున గోరుతో గీరి చూసి, ఊడొచ్చే బెరడంతా తీసేశాను. గట్టిగా అంటుకున్నది ఉంచాను. కొమ్మ నిండా సూదిమొన రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి కనిపిస్తే లోపల పురుగు తొలుస్తున్నట్టే, అలాంటిది పారేయడమే మేలు. ఇందులో లేవు. గట్టి బ్రష్, వేడి నీళ్లు చాలు. సబ్బు వాడితే చెక్క పీల్చేసుకుంటుంది, మళ్లీ బయటికి రాదు.

తర్వాత, లోపల పురుగులుంటే చావడానికి ఓవెన్, 110 డిగ్రీల సెల్సియస్. ఎంతసేపన్నది మందాన్ని బట్టి. దేశాల మధ్య తిరిగే చెక్క ప్యాకింగ్‌కు ఐఎస్‌పీఎం 15 ప్రమాణం చెప్పేది, చెక్క నడిబొడ్డు 56 డిగ్రీలకు చేరి 30 నిమిషాలు అలాగే ఉండాలని. నేనూ దాన్నే పట్టుకుంటాను. స్క్రూ కోసం ఎలాగూ కొమ్మ చివర రంధ్రం వేయాలి కాబట్టి, ముందే వేసి అందులో వంటింటి థర్మామీటర్ మొన దూర్చాను. పైన చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా లోపల 40 దగ్గరే చాలాసేపు నిలిచింది. చెక్కలోకి వేడి అంత నెమ్మదిగా దిగుతుంది. ఇది జరుగుతున్నంతసేపూ ఓవెన్ పక్కనుంచి కదలకూడదు.

ఫ్రీజర్‌లో పెడితే పురుగులు చావొచ్చు, బూజు మాత్రం తడి తగలగానే మళ్లీ లేస్తుంది. ఓవెన్‌లో పట్టనంత పొడుగు కొమ్మకే బ్లీచ్: ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు, అరగంట. ఆపైన మంచినీళ్లు మార్చి మార్చి నానబెట్టి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఉంచాలి. బ్లీచ్‌లో వెనిగర్ కలిపితే విషవాయువు పుడుతుంది, జాగ్రత్త.

ఇంత చేశాక చాలామంది కొమ్మను వెంటనే పెట్టెలో పెట్టేస్తారు. నా లెక్కలో అసలు పని ఇక్కడే ఉంది. పైన పొడిగా కనిపించే కొమ్మ లోపల తడి మిగిలితే, పెట్టె వెచ్చదనానికి బూజు పడుతుంది. రోజూ ఒకే వేళకు తూచాలి. తగ్గడం ఆగితేనే ఆరినట్టు. సాయంత్రం చల్లారాక 1,140 గ్రాములు తూగింది, రేపటి నుంచి ఇదే కాగితం మీద రాస్తూ పోవాలి.

ఆరేలోపు మిగతా పని. కొమ్మ మందం పాము నడుముకు తగ్గకూడదు. మొనలు రంపంతో కోసి, ఉప్పు కాగితంతో రుద్దాను. బిగించేది పెట్టె బయటినుంచి స్క్రూ, వాషర్‌తోనే. టేపు మాత్రం ఎక్కడా వాడకూడదు, అంటుకుంటే పొలుసులతో సహా చర్మం లేచిపోతుంది. కింది కొస పెట్టెలో పరిచిన పొట్టు మీద కాదు, నేరుగా అడుగు పలక మీద ఆనాలి. పాము కింద తవ్వితే పొట్టు జారి కొమ్మ దాని మీదే పడుతుంది. బిగించాక పాము బరువుకు మూడింతలు వేలాడదీసి చూడాలి. దీపానికి జాలీ ఉన్నా, కొమ్మకూ దానికీ మధ్య కనీసం 30 సెంటీమీటర్లు వదలాలి, పాము తల ఎత్తి పైకి సాగుతుంది కదా. కొమ్మ పైభాగంలో థర్మామీటర్ 32 దాటితే ఇంకా కిందికి దించాలి. మొదటి వారం రోజూ కొమ్మ అడుగువైపు చూడాలి. తెల్ల నూగు కనిపిస్తే బయటికి తీసి, మళ్లీ ఓవెన్, మళ్లీ తూకం.