నీళ్ళు మార్చినకొద్దీ నీరసించిపోయిన మా కనకం

మా కనకం ఇవాళ గింజలు వేస్తుంటే పైకి దూసుకొచ్చి నా వేలు కొరకబోయింది. గోల్డ్ ఫిష్ ఒంట్లో బాలేక కోలుకుందని ఇంత పొడుగున రాస్తే నవ్వేవాళ్ళు నవ్వుకోండి. కోపం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను. చల్లారాక రాస్తే మర్యాదగా రాయాల్సొస్తుంది.

మాది 100 లీటర్ల ట్యాంకు, అందులో ఒక్కటే చేప. గుండ్రటి గాజు గిన్నెలో చేపను పెట్టి షోకేసులో పెట్టుకునే రకం కాదు మేము, అది ముందే చెబుతున్నాను. ఫిల్టరు ఉంది, గాలి పంపు ఉంది. వారానికోసారి అయిదో వంతు నీళ్ళు తీసేసి, ముందురోజు రాత్రి బకెట్లలో పట్టి ఉంచిన కుళాయి నీళ్ళు పోస్తాం. నీళ్ళలో కలిపే క్లోరిన్ మూత పెట్టకుండా రాత్రంతా ఉంచితే చాలావరకు గాలిలోకి పోతుంది. ఏళ్ళ తరబడి ఇదే పద్ధతి, చేపకి ఏ లోటూ రాలేదు.

అలాంటిది ఒకసారి నీళ్ళు మార్చిన సాయంత్రానికల్లా కనకం పైకి తేలి నోరు తెరుస్తూ మూస్తూ గాలి కోసం తంటాలు పడడం మొదలుపెట్టింది. మర్నాటికి రెక్కలు ఒంటికి అంటించుకుని ట్యాంకు మూలన అడుక్కి చేరింది. తోకలో సన్నటి ఎర్రగీతలు. మా అమ్మాయి ట్యాంకు ముందు నుంచి కదలనంది.

చేపకి బాలేదంటే మొట్టమొదట నీళ్ళు మార్చాలని ఎవరైనా చెబుతారు. మార్చాను. ఇంకా నీరసించింది. మళ్ళీ మార్చాను. ఈసారి పైకొచ్చే ఓపిక కూడా పోయింది. మేలు చేయాల్సిన పనే కీడు చేస్తుంటే ఇక మనిషి దేన్ని నమ్మాలి?

చేపలు అమ్మే షాపుకి వెళ్ళి ఫోనులో వీడియో చూపించాను. ఆయన సగం కూడా చూడకుండానే "వైట్ స్పాట్ మేడమ్, ఈ నీలం మందు పోసేయండి" అని మెథిలీన్ బ్లూ సీసా చేతిలో పెట్టబోయాడు. మొప్పల మూత మీది తెల్లచుక్కలు చూసి అన్నమాట అది. వైట్ స్పాట్ అంటే పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు. ఆ జబ్బైతే ఉప్పు చల్లినట్టు ఒళ్ళంతా, తోక మీద కూడా చుక్కలుంటాయి. కనకానికి ఉన్నవి మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచు మీద మాత్రమే. అవి ఈడొచ్చిన మగ గోల్డ్ ఫిష్‌కి జోడు కట్టే కాలంలో వచ్చే గుర్తులని తర్వాత పశువుల డాక్టరమ్మ చెప్పారు. అంటే మా కనకం కాస్తా కనకయ్య. మా ఆయన ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. పేరు మాత్రం మార్చలేదు.

నీలం మందు చెడ్డదని అనను. చేపగుడ్లకి బూజు పట్టకుండా విడి తొట్టిలో వాడుకోవచ్చు. ట్యాంకులో పోస్తే ఫిల్టరులో ఉండే మంచి బ్యాక్టీరియా దెబ్బతింటుంది, అద్దాల మధ్య సిలికాన్ నీలంగా మారి అలాగే ఉండిపోతుంది. నేను అది వద్దని యాంటీ క్లోరిన్ చుక్కల మందు మాత్రం కొనుక్కున్నాను. వచ్చేస్తుంటే వెనక నుంచి "మందుల ఖర్చుతో కొత్త చేపే వస్తుంది కదా మేడమ్" అన్నాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు. వాళ్ళింట్లో కుక్కకి జ్వరమొస్తే కూడా ఇదే లెక్క చెబుతాడేమో.

యాంటీ క్లోరిన్ వేశాక ఆ గాలి కోసం తంటాలు కాస్త తగ్గాయి. అంతే, అక్కడితో ఆగిపోయింది. ఇక నీళ్ళు పరీక్షించే కిట్టు తెప్పించాను. కాగితపు స్ట్రిప్పులు వద్దు, చుక్కలు వేసి రంగు చూసే రకమే తీసుకోండి. అమ్మోనియా పరీక్షలో పసుపు రంగు వస్తే ఏమీ లేనట్టు. మా ట్యాంకు నీళ్ళు ఆకుపచ్చగా వచ్చాయి. చేప మొప్పల్లోంచే అమ్మోనియా వదులుతుంది. ఫిల్టరు స్పాంజిలో ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గానూ, ఆపైన నైట్రేట్‌గానూ మారుస్తుంది. కుదురుకున్న ట్యాంకులో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. పైగా మా నీళ్ళ పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, 8. పాతిక డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో ఒక శాతం కూడా విషరూపంలో ఉండదు. 8కి వస్తే 5 శాతం దాటుతుంది. అందుకే ఒకరి ట్యాంకులో చేప తట్టుకున్న అమ్మోనియా ఇంకొకరి ట్యాంకులో చేపను చంపేస్తుంది.

సగం నీళ్ళు మారిస్తే అమ్మోనియా కూడా సగం కావాలి కదా. కాలేదు. అదే పచ్చరంగు. ఇంకోసారి మార్చి చూస్తే మళ్ళీ అదే. అప్పుడు ట్యాంకు సంగతి పక్కనపెట్టి నేరుగా కుళాయి నీళ్ళే గాజుగొట్టంలో పట్టి చుక్కలు వేశాను. పచ్చరంగే! కార్డుతో పోలిస్తే 1 పీపీఎమ్, అంటే లీటరుకి ఒక మిల్లీగ్రాము. రాత్రంతా నిలవ ఉంచిన బకెట్ నీళ్ళూ అంతే. చేపకి మంచినీళ్ళని పోసినవే అసలు సంగతన్నమాట.

ఇక నీటి సరఫరా ఆఫీసు. బిల్లు మీదున్న నంబరుకి ఫోన్ చేశాను.

"నీళ్ళు రావట్లేదా?"

"వస్తున్నాయండీ."

"మురికిగా వస్తున్నాయా?"

"లేదండీ, అమ్మోనియా ఉంది. నీళ్ళలో కలిపేది ఏమైనా మార్చారా అని కనుక్కుందామని."

"అమ్మోనియా ఉందని మీకెవరు చెప్పారు? మీరేమైనా ల్యాబా?"

"కాదండీ, మా గోల్డ్ ఫిష్‌కి..."

అంతే. ఫోను పక్కకి తిప్పి, "ఒరేయ్, ఈవిడగారి చేపకి ఒంట్లో బాలేదట, అంబులెన్స్ పంపిద్దామా?" అన్నాడు. నాకు వినపడకూడదన్న ఇంగితం కూడా లేదు. అవతల పకపకలు. నేను పెట్టేశాను.

మర్నాడు రెండు సీసాల్లో నీళ్ళు పట్టుకుని, పరీక్ష చేసిన గాజుగొట్టాలు రుమాల్లో చుట్టుకుని స్వయంగా వెళ్ళాను. మొదటి కౌంటరులో కనెక్షన్ ఎవరి పేరున ఉందన్నారు. మా ఆయన పేరున. అయితే ఆయన్నే రమ్మనండి అన్నారు. నీళ్ళ సంగతి అడగడానికి ఇంటి యజమాని ఎందుకని గట్టిగా అడిగితే ఒక ఫారం ఇచ్చారు. అందులో పైపు లీకు, ఒత్తిడి తక్కువ, మీటరు, మురికి నీరు, బిల్లు అని గళ్ళున్నాయి. నాది ఏ గడిలోనూ పట్టలేదు. "ఇతరములు" దగ్గర టిక్కు పెట్టి, ఎదురుగా ఉన్న వేలెడంత చోటులో రాశాను. ఆ కౌంటరు పెద్దాయన దాన్ని పైకి చదివాడు. "అక్వేరియం చేపకు అస్వస్థత" అని, ఒక్కో మాటా విడదీసి, వరసలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా. ఆ తర్వాత ఆయన చేసిన పని జన్మలో మర్చిపోను. పక్కనున్న కూజాలోంచి గ్లాసుడు నీళ్ళు వంచుకుని గటగటా తాగేసి, "చూడండమ్మా, అవే నీళ్ళు. నేను చచ్చానా?" అన్నాడు. వరసలో ఒకావిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా చెవులు వేడెక్కిపోయాయి.

ఆ క్షణంలో జవాబు తోచలేదు. ఇప్పుడైతే చెబుతాను. మనం తాగిన నీళ్ళు కడుపులోకి వెళ్తాయి, వాటిలో కలిపిన మందు అక్కడే విరిగిపోతుంది. చేపకి నీళ్ళు మొప్పల్లోంచి పోతుంటాయి, అక్కడ నీటికీ నెత్తురుకీ మధ్య పలచటి పొర తప్ప అడ్డేమీ ఉండదు. అవే నీళ్ళని శుద్ధి చేయకుండా డయాలసిస్ మిషనులో వాడితే రోగి నెత్తుటి కణాలు పగిలిపోతాయి. మరి అక్కడ కూడా గ్లాసుడు తాగి చూపించి పంపిస్తారా?

ఇంతలో ఫైలు పట్టుకుని అటుగా పోతున్న ఒక కుర్ర ఇంజనీరు ఆగి, నా చేతిలో గాజుగొట్టం చూసి, "అక్వేరియమా అండీ? మనవాళ్ళు ఈమధ్యనే క్లోరిన్ బదులు క్లోరమైన్‌కి మార్చారు. పైపుల చివరిదాకా క్లోరిన్ నిలవట్లేదని. రాత్రంతా ఉంచినా అది పోదు" అన్నాడు. నిలబడిన చోటే చెప్పేసి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క ముక్క కోసం నేను ఊరందరి ముందూ నవ్వులపాలయ్యాను. ముందుగా చెప్పొచ్చు కదా అంటే నోటీసు పెట్టామన్నారు. ఎక్కడంటే, ఆఫీసు లోపల బీరువా వెనక బోర్డు మీద. తెలిసినవాడిని లోపల గదిలో కూర్చోబెట్టి, తెలియనివాడికి ఫోను అప్పగించడమే ఆఫీసుల పద్ధతి. సాయంత్రానికి ఫోనుకి సందేశం: "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది."

క్లోరమైన్ అంటే క్లోరిన్‌నీ అమ్మోనియానీ కలిపి చేసేది. క్లోరిన్‌లా తొందరగా ఎగిరిపోదు, అందుకే నిలవ బకెట్లు పనిచేయలేదు. అది మొప్పలనీ కాల్చింది, ఫిల్టరు బ్యాక్టీరియానీ దెబ్బతీసింది. మామూలు యాంటీ క్లోరిన్‌లో ఉండేది సోడియం థయోసల్ఫేట్. అది క్లోరిన్ భాగాన్ని విరగ్గొట్టి అమ్మోనియాని నీళ్ళలోకి వదిలేస్తుంది. చేప సగం తేరుకుని ఆగిపోయిన కారణం అదే. మీ కుళాయిలో ఏముందో తెలుసుకోవడానికి ఆఫీసు గడప తొక్కక్కర్లేదు. ఫ్రీ క్లోరిన్ (దేనితోనూ కలవకుండా విడిగా ఉన్నది), టోటల్ క్లోరిన్ (మొత్తం) రెండూ చూపించే స్ట్రిప్ దొరుకుతుంది. ఫ్రీ తక్కువగా, టోటల్ ఎక్కువగా వస్తే తేడా చాలావరకు క్లోరమైనే.

సంగతి తెలిశాక మిగతాదంతా తేలికే. క్లోరమైన్‌ని విరగ్గొట్టి, వచ్చిన అమ్మోనియాని కూడా కట్టిపడేసే వాటర్ కండిషనర్లు ఉంటాయి. సీసా మీద క్లోరమైన్, అమ్మోనియా అన్న రెండు మాటలూ ఉన్నాయో లేదో చదివి కొనండి, షాపువాడి నోటిమాట మీద కాదు. అది వేశాక కూడా కిట్టు కొన్నాళ్ళు పచ్చరంగే చూపిస్తుంది. కట్టేసినదీ విడిగా ఉన్నదీ కలిపి మొత్తం అమ్మోనియాని చూపించే కిట్టు కాబట్టి. బెదిరిపోయి ఇంకో సీసా గుమ్మరించకండి.

మేత ఆపేశాను. తినకపోతే వదిలే అమ్మోనియా కూడా తక్కువే. ఎవరిని అడిగినా ఉడికించిన బఠాణీ పెట్టమనేవారు. పొట్ట ఉబ్బి తిరగబడి తేలే చేపకి పనికొస్తుందేమోగానీ, మొప్పలు కాలిన చేపకి బఠాణీ ఏం ఉద్ధరిస్తుంది? దానికి కావాల్సింది గాలి. గాలిని బుడగలుగా వదిలే ఎయిర్ స్టోన్ రెండోది వేశాను. నీళ్ళు వేడెక్కినకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది కనక ట్యాంకుని ఎండ తగిలే కిటికీ దగ్గర నుంచి జరిపించాను. యాంటీబయాటిక్ వద్దని, ఎర్రగీతలు పెరిగితేనే చూద్దామని డాక్టరమ్మ అన్నారు. పెరగలేదు.

పాడైన ఫిల్టరు మళ్ళీ కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. జబ్బుచేపతో అన్నాళ్ళు కాచుకోలేక, తెలిసినవాళ్ళ ఆరోగ్యమైన ట్యాంకులోంచి పాత స్పాంజి ముక్క అడిగి తెచ్చి మా ఫిల్టరులో పెట్టాను. ఎండనివ్వకుండా ఆ ట్యాంకు నీళ్ళలోనే తేవాలి. దాన్ని కుళాయి కింద కడిగారో, అంతా వృథా. అమ్మోనియా దిగాక నైట్రైట్ పెరిగింది. ఇది మామూలే. లీటరుకి ఒక గ్రాము చొప్పున ఏమీ కలపని రాళ్ళుప్పు కరిగించి రోజంతా కొద్దికొద్దిగా పోశాను. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల్లోంచి లోపలికి పోనివ్వదు. చెంచాలతో కొలవకండి, త్రాసు వాడండి. ఉప్పు ఆవిరైపోదు, కాబట్టి 20 లీటర్లు మార్చినప్పుడు 20 గ్రాములే కలపాలి. ప్రతిసారీ 100 లీటర్లకీ లెక్కగట్టి వేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ చేపలని తలచుకుంటేనే జాలేస్తుంది.

కనకం లేచి తిరగడం మొదలుపెట్టాక ఒంటి మీద నల్లటి మచ్చలు వచ్చాయి. మా ఆడపడుచు చూసి "వదినా, కుళ్ళిపోతోంది" అని గుండె ఆగేంత పని చేసింది. గోల్డ్ ఫిష్‌కి అమ్మోనియాతో కాలిన చోట మానేటప్పుడు అలా నల్లబడుతుంది. అవి మెల్లగా పోతున్నాయి. తోక అంచు చిరిగింది మాత్రం ఇంకా పూర్తిగా పెరగలేదు.

ఇప్పుడు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. గింజలు పూటకి చిటికెడే. మా అమ్మాయి తోడుగా ఇంకో చేప కావాలంటోంది. తెచ్చినా ముందు కొన్ని వారాలు విడి తొట్టిలో ఉంచాలి, ట్యాంకు కూడా పెద్దది కావాలి. వచ్చేనెల చూద్దాం అన్నాను. ఆ షాపులో మాత్రం కొనను.