ఐ-80 హైవే మీద బావ ట్రక్కులో

మా బావ అమెరికాలో సొంత ట్రక్కు నడుపుతాడు. చికాగో నుంచి డెన్వర్‌కి లోడు ఉంది, వస్తావా అని అడిగితే ఎగిరి గంతేశాను. అక్కడ కమర్షియల్ ట్రక్కులో పక్కన ఇంకో మనిషిని ఎక్కించుకోవాలంటే కంపెనీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. కంపెనీ బావదే కాబట్టి ఆ కాగితం మీద తనే సంతకం పెట్టేశాడు.

మొదటి రాత్రి అయోవా రాష్ట్రంలోని వాల్‌కాట్‌లో ఆగాం. అక్కడి 'అయోవా 80' ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రక్ స్టాప్‌గా పేరుపడింది. 1964 నుంచి ఉంది. సుమారు 900 ట్రక్కులకు చోటు, మంగలి షాపు, పళ్ల డాక్టరు, పాత ట్రక్కుల మ్యూజియం కూడా. ట్రక్ స్టాపులన్నీ ఇంత దర్జాగా ఉంటాయనుకున్నాను, మర్నాడు సాయంత్రం దాకా.

నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో కొంత సరుకు దించాల్సి ఉంది. గోదాము వాళ్లు గంటల తరబడి నిలబెట్టేశారు. అక్కడి రూల్ ప్రకారం డ్రైవరు డ్యూటీ ఎక్కిన 14 గంటల లోపల, అదీ 11 గంటలకు మించకుండా బండి నడపాలి. తర్వాత వరసగా 10 గంటల విశ్రాంతి. గోదాములో ఊరికే కూర్చున్న సమయం కూడా ఆ 14 గంటల్లోంచే పోతుంది. ఇదివరకు ఈ గంటల లెక్క రాసే కాగితపు లాగ్‌బుక్కులో కాస్త అటూ ఇటూ సర్దేవాళ్లట. 2017 డిసెంబరు నుంచి చాలా ట్రక్కుల్లో ఎలక్ట్రానిక్ లాగ్ తప్పనిసరి అయ్యాక ఆ పప్పులు ఉడకవు. చీకటి పడేసరికి రోడ్డు మీద ప్రతి డ్రైవరుకూ ఒకటే టెన్షన్: టైము అయ్యేలోపు పార్కింగ్ దొరుకుతుందా?

నెబ్రాస్కాలోనే నార్త్ ప్లాట్ అనే ఊరు దాటాక ఒక ట్రక్ స్టాపులోకి తిరిగాం. డీజిల్ పట్టించుకున్నాక బండిని దాని పొడవంత ముందుకు జరిపి ఆపుకోవడం అక్కడి మర్యాద. మా ముందున్నాయన పంపు దగ్గరే వదిలేసి స్నానానికి పోయాడు. వెనక వరసలో ఒకాయన హారన్ మోత మొదలుపెట్టి, ఆగలేక టైర్ తంపర్ పట్టుకుని దిగాడు. టైర్లలో గాలి చూడటానికి కొట్టే పొట్టి కర్ర అది. దాంతో ఖాళీ ట్రక్కు తలుపు మీద దబదబా బాదాడు. బావ మాత్రం లోపలి కౌంటర్‌కి ఫోన్ చేశాడు. మైకులో పిలిచారు. స్నానాల రాయుడు తడి తలతో, ఏ తొందరా లేకుండా వచ్చి బండి తీశాడు.

అసలు గొడవ ఆ తర్వాత. పార్కింగులో ఒకే ఒక్క ఖాళీ కనిపించింది. బావ ఫోర్‌వేలు, అంటే మినుకుమినుకుమనే హెచ్చరిక లైట్లు వేసి, వెనక ఏముందో దిగి చూసుకుని, మళ్లీ ఎక్కి రివర్స్ తీస్తుంటే, అవతలి నుంచి ఒక ట్రక్కు ముక్కుతో దూరిపోయింది. బావ ఒక్కసారి హారన్ కొట్టాడు. అంతే, ఆ డ్రైవరు దిగొచ్చి మా మెట్టు ఎక్కి అద్దం మీద గుద్దుతూ బూతులు లంకించుకున్నాడు.

నాకు రక్తం మరిగింది. "బావా, మన దగ్గరా ఉందిగా కర్ర, దిగుదామా?"

"కూచోరా!" అన్నాడు. తలుపులు లాక్ చేసే ఉన్నాయి. అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911 నొక్కి ఫోన్‌ని అద్దానికి ఆనించి చూపించాడు. "మెట్టు దిగు, నేను వెళ్లిపోతున్నా" అని గట్టిగా చెప్పాడు. వాడు కాసేపు నోరు పారేసుకుని దిగాడు. బండి కదిలింది.

రోడ్డెక్కాక అడిగాను, ఆత్మరక్షణ హక్కు ఉంటుంది కదా అని.

"ఉంటుంది. వాడు తలుపు లాగి నా మీదికి వస్తే కొడతాను, ఆపేంత వరకే. కింద పడ్డాక ఇంకో దెబ్బ వేస్తే అది నా నేరం. తాళం వేసిన క్యాబిన్లోంచి కర్ర పట్టుకుని నేనే దిగానంటే, గొడవకి పోయింది నేనే అంటారు. పార్కింగ్ చోటు కోసం ఎవడి తల పగలగొట్టినా ఏ జడ్జీ మెచ్చడు."

పైగా రాష్ట్రానికో చట్టం. అయోవాలో 2017 నుంచి, ఉండే హక్కున్న చోట తప్పు చేయకుండా నిలబడ్డవాడు వెనక్కి తగ్గాల్సిన పనిలేదు. నెబ్రాస్కాలో అలా కాదు. ఏ ప్రమాదమూ లేకుండా తప్పుకోగలనని తెలిసీ ప్రాణాంతకంగా కొడితే ఆత్మరక్షణ అనడానికి వీల్లేదు. ఇల్లు, పనిచేసే చోటు మినహాయింపు. "ట్రక్కు నా పనిచోటేనని వాదించొచ్చు. ఆ వాదనకి లాయరు ఫీజు ఎవరిస్తారు, మీ అక్కా?" అన్నాడు. తుపాకీ మాట ఎత్తితే అసలు వినలేదు. ఒక రాష్ట్రం పర్మిట్ ఇంకో రాష్ట్రంలో చెల్లకపోవచ్చు, తను రోజూ రాష్ట్రాలు దాటేవాడు.

నా దృష్టిలో వాళ్లందరి కోపానికీ మూలం గోదాముల్లో కరిగిపోయే ఆ గంటలే. అయినా అద్దం మీద గుద్దినవాడి మీద నాకు జాలి కలగలేదు.

లాగ్‌లో ఇంకొంచెం టైము ఉండగానే తర్వాతి రెస్ట్ ఏరియాలో చోటు దొరికింది. పొద్దున్నే బావ డాష్‌క్యామ్ వీడియోను ఆ ట్రక్ స్టాప్ మేనేజరుకి పంపాడు. పార్కింగ్ తగాదాల్లో మేం తలదూర్చం అని మధ్యాహ్నానికి జవాబొచ్చింది. అప్పటికి డెన్వర్‌లో సరుకు దించుతున్నాం.