ఓటరు జాబితాలో పేరు ఎక్కించడం: నెల్లూరు వైపు నా అనుభవం

ప్లకార్డులు పట్టించి బడిపిల్లల చేత ర్యాలీ తీయిస్తే ఓటింగ్ పెరుగుతుందన్న నమ్మకం నాకు లేదు. ఓటేయమని మన వైపు జనానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2024 మే 13న రాష్ట్రంలోకెల్లా ఎక్కువ పోలింగ్ నమోదైంది ప్రకాశం జిల్లా దర్శిలోనే, 90 శాతం దాటింది. నన్ను బాధపెట్టేది బూత్ దాకా వచ్చి వెనక్కి పోయేవాళ్లు. చేతిలో కార్డుంటుంది, జాబితాలో పేరుండదు. "కార్డుంది గదయ్యా, ఇంకేం గావాల?" అని అడుగుతారు. కార్డు మనిషిని గుర్తు పట్టడానికే. ఓటు హక్కు ఉండేది జాబితాలో. ఆ జాబితాతో కుస్తీ పడి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

మొదట జాబితా చదవడం రావాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో నియోజకవర్గం, పార్ట్ నంబరు ఎంచుకుంటే పీడీఎఫ్ వస్తుంది. పార్ట్ అంటే ఒక పోలింగ్ కేంద్రం పరిధి. పేజీకి మూడు వరసల్లో ముప్పై గళ్లు. ప్రతి గడిలో పైన వరస సంఖ్య, కార్డు నంబరు, కింద పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు. పీడీఎఫ్ అంతా బొమ్మే కాబట్టి వెతికే సదుపాయం పనిచేయదు, వేలు పెట్టి చదువుకోవాల్సిందే. కొన్ని గళ్ల మీద అడ్డంగా తొలగించినట్టు ముద్ర ఉంటుంది, పక్కన ఒక అక్షరం కూడా. ఈ అంటే చనిపోయారని, ఎస్ అంటే ఊరు మారారని, ఆర్ అంటే రెండుసార్లు ఉందని. బతికున్న మనిషి గడిలో 'ఈ' కనపడిందంటే ఆ ఇంటికి వెంటనే కబురు చేయాలి.

ముసాయిదా జాబితా వచ్చినప్పుడు గ్రామసభలో పైకి చదివి వినిపించాలని నియమం ఉంది. చాలాచోట్ల నోటీసు బోర్డుకు అంటించి చేతులు దులుపుకుంటారు. చదివిస్తే మాత్రం దాన్ని మించిన తనిఖీ లేదు. ఎవరు పోయారో, ఏ పిల్ల కాపురానికి ఏ ఊరు వెళ్లిందో కంప్యూటర్‌కు తెలియదు, రచ్చబండ దగ్గర కూర్చున్న ముసలమ్మకు తెలుసు.

ఇక ఫారాలు. కొత్త ఓటుకు ఫారం 6. తీసేయాలంటే ఫారం 7. ఇల్లు మారడం, తప్పులు దిద్దడం, కార్డు పోతే మళ్లీ తీసుకోవడం, వైకల్యం నమోదు, ఈ నాలుగిటికీ ఫారం 8. 2022 ఆగస్టు నుంచి పాత 8ఏ లేదు, దాని పనీ 8 లోకే వచ్చింది. ఎక్కువగా జరిగే పొరపాటేమిటంటే, హైదరాబాదులో ఓటున్న మనిషి కావలికి మార్చుకోవడానికి ఫారం 6 నింపడం. అందులో 'నాకు ఇంకెక్కడా ఓటు లేదు' అనే వాంగ్మూలం మీద సంతకం పెడతాం. అది తప్పుడు వాంగ్మూలమైతే 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అలాంటివాళ్లు నింపాల్సింది ఫారం 8. అందులో పాత కార్డు నంబరు వేస్తే పాత చోట పేరు పోయి కొత్త చోట ఎక్కుతుంది. కార్డు నంబరు మారదు, అడ్రసు మారిన కొత్త కార్డు వస్తుంది.

నెల్లూరు టౌన్‌లో దీనికి ఇంకో చిక్కు తోడైంది. ఊరంతా ఒకటే కార్పొరేషన్ అయినా, కొన్ని డివిజన్లు నెల్లూరు సిటీ నియోజకవర్గంలో, కొన్ని రూరల్‌లో ఉన్నాయి. ఫారం 8లో ఇల్లు మార్పు కోరితే 'నియోజకవర్గం లోపలా, బయటా' అని అడుగుతుంది. నాలుగు వీధులు దాటి మారినవాళ్లు 'లోపల' అని కొట్టేస్తారు, అది రూరల్‌లో పడిందంటే దరఖాస్తు తిరిగొస్తుంది. ముందు కొత్త ఇంటి పక్కవాళ్ల కార్డు నంబరు వేసి వాళ్లది ఏ నియోజకవర్గం, ఏ పార్ట్ అని చూసుకుంటే సరిపోతుంది. కందుకూరు వాళ్లదీ ఇలాంటి అయోమయమే. 2022లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరును నెల్లూరులో కలిపారు, ఓటెక్కడికి పోయిందోనని కొందరు కంగారు పడ్డారు. జిల్లా గీత మారితే నియోజకవర్గం మారదు. కందుకూరు 2009 నుంచే నెల్లూరు పార్లమెంటు కింద ఉంది. సర్వేపల్లి నెల్లూరు పక్కనే ఉన్నా పార్లమెంటుకు తిరుపతి కిందకి వస్తుంది.

ఒక ఫారం 8లో ఒక్క పనికే టిక్ పెట్టాలి. ఇల్లు మార్పుతో పాటు పేరులో తప్పు కూడా దిద్దాలంటే రెండు దరఖాస్తులు. ఫొటో తెల్ల గోడ ముందు తీసింది చాలు, ఫైలు 2 ఎంబీ దాటకూడదు. అడ్రసుకు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, కరెంటు బిల్లు, రిజిస్టరైన అద్దె అగ్రిమెంటు వంటివి పనికొస్తాయి.

ఆన్‌లైన్‌లో నింపేటప్పుడు ఒక గడి దగ్గర మాత్రం నిదానించాలి. పేరు ఇంగ్లీషులో కొడితే తెలుగులోకి అదే మార్చుకుంటుంది. పెంచలయ్య అని మనం కొట్టింది పెంచలైయః అవుతుంది, రమణయ్య రమనైయః అవుతుంది. నెల్లూరు జిల్లాలో పెంచలయ్యలకు కొదవ లేదు కాబట్టి ఈ తప్పు ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. పక్కనే తెలుగు కీబోర్డు గుర్తు ఉంటుంది, నొక్కి చేత్తో దిద్దాలి. మీసేవలో ఇచ్చినా సరే, సబ్మిట్ కొట్టే ముందు స్క్రీన్ మన వైపు తిప్పమని అడగాలి. మొహమాటపడితే తర్వాత మళ్లీ ఫారం 8.

సబ్మిట్ అయ్యాక వచ్చే రిఫరెన్స్ నంబరు రాసి పెట్టుకోవాలి. చాలామంది అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. అసలు పని తర్వాతే. బీఎల్ఓ, అంటే మన పోలింగ్ కేంద్రం జాబితా చూసే బూత్ స్థాయి అధికారి, ఇంటికొచ్చి చూడాలి. ఆయన వచ్చేది పగలు. ఆ వేళకు జనం రొయ్యల గుంటల మీదో వరికోతల్లోనో ఉంటారు. తలుపుకు తాళం చూసి 'ఇక్కడ లేరు' అని రాసుకుపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. బీఎల్ఓ పేరు, ఫోను అదే వెబ్‌సైట్‌లో పార్ట్‌ను బట్టి దొరుకుతాయి, లేకపోతే ఓటర్ల హెల్ప్‌లైన్ నంబరు 1950కి ఫోన్ చేయొచ్చు. ముందే మాట్లాడి ఏ పూట ఉంటామో చెప్పడం, పక్కింటి వాళ్లకు చెప్పి ఉంచడం, ఈ రెండూ చేస్తే తిరస్కరణలు సగానికి సగం తగ్గుతాయని నా అంచనా. తిరస్కరిస్తే 15 రోజుల్లో కలెక్టరుకు, అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

కాలవ గట్ల మీద గుడిసెలు వేసుకున్న యానాది కుటుంబాలకు ఇంటి నంబరే ఉండదు. 'అడ్రసు లేదు, కుదరదు' అని చెప్పి పంపించేస్తారు. అది తప్పు. ఇల్లు లేనివాళ్లకు అడ్రసు కాగితం అడగకూడదు. వాళ్లు ఫారంలో రాసిన చోటికి బీఎల్ఓ రాత్రిపూట వెళ్లి, ఒకటికి రెండు రాత్రులు వాళ్లు అక్కడే పడుకుంటున్నారో లేదో చూసి రాయాలి. ఎన్నికల సంఘం మాన్యువల్‌లో ఉన్న మాటే ఇది. ఫలానా కాలవ, ఫలానా తూము, ఫలానా చింతచెట్టు పక్కన అని ఫారంలో రాయించాం. పని నిదానంగా సాగింది గానీ సాగింది.

ఫారం 7 సంగతి చెప్పకుండా ముగించలేను. 2019 ఎన్నికల ముందు రాష్ట్రంలో ఇవి కుప్పలుగా పడ్డాయి, తమ పేరుతో ఎవరో దరఖాస్తు పెట్టారని తెలియని జనం ఎందరో. అభ్యంతరం పెట్టేవాళ్లు అదే నియోజకవర్గంలో ఓటరై ఉండాలి, ఎవరి పేరు తీయాలంటున్నారో వాళ్లకు నోటీసు వెళ్లాలి. పార్టీల బూత్ ఏజెంటు రోజుకు పదికి మించి ఫారాలు ఇవ్వకూడదు. కట్టలు కట్టి తెస్తే తీసుకోవద్దని గట్టిగా అడగొచ్చు.

గడువులు. పద్దెనిమిదేళ్ల లెక్కకు ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. పదిహేడు నిండితే ముందే దరఖాస్తు పెట్టొచ్చు. నామినేషన్ల చివరి రోజు తర్వాత జాబితాలో అక్షరం కూడా కదలదు. దానికి ముందు అభ్యంతరాలకు ఏడు రోజులు ఇవ్వాలి గనక, చివరి పది రోజుల్లో ఇచ్చిన ఫారం ఆ ఎన్నికకు పనికిరాదనే అనుకోవాలి. 2024లో నామినేషన్లు ఏప్రిల్ 25తో ముగిశాయి. ఆ నెల 20న ఫారం పట్టుకొచ్చిన కుర్రాళ్లను చూసి ఏమనాలో తోచలేదు. 85 దాటినవాళ్లు, 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లు ఇంటి నుంచే ఓటు వేయాలనుకుంటే ఫారం 12డి నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లో ఇవ్వాలి.

పోలింగ్ రోజున ఇంటికొచ్చిన ఓటరు స్లిప్పు ఒక్కటే పట్టుకెళ్తే లోపలికి పోనివ్వరు, 2019 నుంచి అది గుర్తింపు కాదు. ఓటరు కార్డు లేకపోతే ఆధార్, పాన్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న పాస్‌బుక్ లాంటివి చెల్లుతాయి. మీ పేరుతో ఇంకెవరో వేసేసి ఉంటే గొడవపడి వెళ్లిపోకండి. టెండర్ ఓటు కావాలని ప్రిసైడింగ్ అధికారిని అడిగితే బ్యాలెట్ కాగితం ఇవ్వాలి. సాయంత్రం గడువు ముగిసే వేళకు వరసలో ఉన్నవాళ్లందరికీ చీటీలు ఇస్తారు, అదీ వరస చివరి మనిషి నుంచి మొదలుపెట్టి ముందుకు. కాబట్టి ఆ నిమిషానికి వరసలో నిలబడి ఉండాలి, చెట్టు కింద కూర్చుని ఉంటే లెక్కలోకి రారు.

పంచాయతీ, మునిసిపల్ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం జరుపుతుంది గానీ దానికంటూ వేరే నమోదు లేదు. అసెంబ్లీ జాబితానే వార్డుల వారీగా విడగొడతారు. ఇల్లు ఐదో వార్డులో, పేరు ఆరో వార్డులో పడేది ఈ విడగొట్టడంలోనే. పంచాయతీ ఆఫీసు గోడకు ఆ జాబితా అంటించిన వారంలోనే వెళ్లి చూసి, తప్పుంటే కాగితం రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. ఒక్క ఓటే గదా అనుకోవద్దు, సర్పంచి పోటీలో ఓట్లు సమానమైతే లాటరీ తీస్తారు.