అరగంటలో తేలని సంగతి

వాడకందార్లతో మాటలు సాగదీస్తున్నానని బ్రస్సెల్స్‌లో మా మేనేజర్ నన్ను అందరి ముందూ మందలించారు. "పది ప్రశ్నలు, అరగంట సమయం. నువ్వు గంటకు పైగా కూర్చున్నావు" అన్నారు. సెలవుకు అనంతపురం వచ్చినా ఆ మాట నన్ను వదలడం లేదు.

సంస్థలు చట్టాలను, ప్రమాణాలను సరిగా పాటిస్తున్నాయో లేదో చూసుకునే సాఫ్ట్‌వేర్ మాది. కొత్తగా ఏ చట్టాన్ని అందులో చేర్చాలో వాడేవాళ్లను అడిగి తెలుసుకోవడం నా పని. యూరప్ చట్టాలైన జీడీపీఆర్ (వ్యక్తిగత సమాచార రక్షణ), ఎన్ఐఎస్2 (కంప్యూటర్ వ్యవస్థల భద్రత), డోరా (ఆర్థిక సంస్థల డిజిటల్ భద్రత), సమాచార భద్రత ప్రమాణమైన ఐఎస్ఓ 27001 అని పేర్లు రాసిచ్చి, కావలసినవాటికి టిక్కు పెట్టమంటాం. అందరూ అన్నిటికీ పెడతారు. ఆ కాగితం చూసి ఎవరి అవసరం ఏమిటో ఎలా చెప్పగలం?

నేను అంతసేపు మాట్లాడింది యంత్రాలు తయారుచేసే ఒక సంస్థలో కంప్యూటర్ల భద్రత చూసే పెద్దాయనతో. ఆయనా అన్నిటికీ టిక్కు పెట్టారు. పిల్లల చదువుల మీదుగా మాట ఆఫీసు కష్టాల్లోకి మళ్లాకే అసలు సంగతి బయటపడింది. కంప్యూటర్ల మీద దాడి జరిగితే ఎన్ఐఎస్2 ప్రకారం 24 గంటల్లో తొలి హెచ్చరిక, 72 గంటల్లో వివరాలు పంపాలి. వ్యక్తిగత సమాచారం పోతే జీడీపీఆర్ కింద 72 గంటల్లో మరో కార్యాలయానికి చెప్పాలి. ఆయన సంస్థకు బెంగళూరులోనూ శాఖ ఉంది. మన దేశంలో సైబర్ దాడుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం అక్కడ గడువు 6 గంటలే. మా జాబితాలో ఆ పేరే లేదు!

పాతూరులో మా మామయ్యకు ఎరువుల అంగడి ఉంది. వాన పడిందా, వేరుశనగ ఊడలు దిగిందా, ఆకు ఏ రంగుకు తిరిగింది, ఇవన్నీ అడిగాకే మందు సంగతి ఎత్తుతాడు. నా గోడు విని, "అడిగిందే కట్టిచ్చి పంపితే పైరు బాగుపడుతుందా, నాయనా?" అన్నాడు.

బ్రస్సెల్స్‌వాళ్లు వేళకు ఇచ్చే విలువ నాకు ఇష్టమే. ఎదుటివారి సమయాన్ని సొమ్ములా చూస్తారు. ఊరి మీద బెంగతో మన పద్ధతే గొప్పదనుకుంటున్నానేమోనని కూడా ఆలోచించాను. అయినా ఆ 6 గంటల సంగతి ఏ టిక్కూ చెప్పలేదు, ఆ పెద్దాయన నోటి నుంచే వచ్చింది.

మేనేజర్‌కు మెయిల్ పంపాను. పది ప్రశ్నల్లో ఐదు తీసేసి, వాటి బదులు ఒక్కటి చేర్చమన్నాను: దాడి జరిగిందని తెలిసిన రాత్రి మీరు మొదట ఎవరెవరికి చెప్పాలి, ఎంతసేపట్లో?